నరం చిట్లింది అంటారు గానీ

పోయిన చలికాలం గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయి పొద్దున్నే వాష్‌బేసిన్ దగ్గర గట్టిగా ముక్కు చీది "అమ్మో" అని తల పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. వారం నుంచి జలుబు. పిన్ని అమృతాంజనం రాసింది (మనలో ఎవరైనా ముందు అదే చేస్తాం), వాంతై మెడ వంచలేకపోతుంటే అప్పుడు 108కి ఫోన్ చేశారు.

ఆస్పత్రి వరండాలో చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న: ముక్కు చీదితే నరాలు చిట్లుతాయా? ఒకాయన కాఫీ వల్లే అన్నాడు, ఇంకొకావిడ దిష్టి అంది.

సీటీ స్కాన్ చూసి డాక్టరు చెప్పిందేమిటంటే, చిట్లింది నరం కాదు, మెదడులో రక్తనాళం. సైకిల్ ట్యూబు పలచబడ్డ చోట బుడిపె లేస్తుందే, అలా నాళం గోడ ఉబ్బుతుందట. నూటికి ఇద్దరు ముగ్గురికి ఉంటుంది, ఎక్కువమందికి అది ఎప్పటికీ చిట్లదు, ఉన్న సంగతే తెలియదు.

రాత్రుళ్లు నిద్ర పట్టక వెతికితే 2011లో నెదర్లాండ్స్ డాక్టర్లు ఇలా చిట్లిన 250 మందిని, చిట్లే ముందు ఏం చేశారని అడిగి వేసిన లెక్క దొరికింది. కాఫీ, వ్యాయామం, ముక్కు చీదడం, శృంగారం, మలబద్ధకంతో ముక్కడం, కోలా, ఉలిక్కిపడటం, కోపం. అన్నిట్లోనూ బీపీ ఒక్కసారి పైకి లేస్తుందట, అప్పటికే పలచబడ్డ గోడ ఆ కాసేపటి ఒత్తిడికి ఆగదు. ఇలా చిట్లడంలో కాఫీ వాటా 10.6 శాతం, అన్నిటికన్నా పైన అదే, పాపం మా చుట్టాలాయన మాట నిజమే అనిపించింది. కానీ కాఫీ పైన ఉన్నది అందరూ రోజూ తాగుతారు కాబట్టి. తాగాక ప్రమాదం పెరిగేది 1.7 రెట్లే, అదే ఉలిక్కిపడితే 23 రెట్లు!

డాక్టరు మాత్రం ముక్కు గురించి ఒక్క ముక్క అడగలేదు. సిగరెట్లు ఎన్ని, బీపీ మాత్రలు వేస్తున్నాడా అని అడిగాడు. పిన్ని తలొంచుకుని సంచిలోంచి స్ట్రిప్ తీసింది. పదిహేనింట్లో ఖాళీ గుంటలు మూడే. "ఒంట్లో బానే ఉందిగా" అని మూడు నెలల క్రితం మానేశాడట.

తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి ఆ బుడిపెను ప్లాటినం తీగ చుట్టలతో నింపేశారు. మనిషి దక్కాడు. సిగరెట్ మానేశాడు, మాత్రలు పిన్ని చేతిలోంచే పడతాయి, కాఫీ మాత్రం మానలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరు ముక్కు చీదినా పిన్ని వంటింట్లోంచి "మెల్లిగా!" అని కేక పెడుతుంది. ఆ కేకకి ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడతాం.