స్మిత్‌ఫీల్డ్ వీధి, ఒక పెట్టెడు గాజు స్లైడ్లు

పిట్స్‌బర్గ్ వచ్చిన తెలుగువాళ్లు ముందుగా పెన్‌హిల్స్ వేంకటేశ్వరుడి గుడికి వెళ్తారు. మేమూ దర్శనం చేసుకుని, పులిహోర తిని, మధ్యాహ్నానికి ఊరి నడిబొడ్డున స్మిత్‌ఫీల్డ్ వీధికి చేరాం. 1905 జూన్ 19న హ్యారీ డేవిస్, జాన్ హ్యారిస్ ఈ వీధిలోనే ఒక కొట్టుగదిలో కుర్చీలు వేసి నికెలోడియన్ అనే సినిమా హాలు తెరిచారు. టికెట్టు ఒక నికెల్, అంటే 5 సెంట్లు. ఆ హాలు ఇప్పుడు లేదు.

అలాంటి హాళ్లలో మామూలుగా ఒక్కటే ప్రొజెక్టరు. 1,000 అడుగుల రీలు పావుగంటకు అటూఇటూగా అయిపోతుంది. ఇంకోటి ఎక్కించేదాకా తెర ఖాళీ. ఆ సందులోకే గాజు స్లైడ్లు వచ్చాయి. "ఒక్క నిమిషం, రీలు మారుస్తున్నాం", "ఆడవారు దయచేసి టోపీలు తీయగలరు", వాటి వెనకే ఊళ్లో మందుల షాపు, బొగ్గుల కొట్టు, దర్జీ. ఇంటర్వెల్‌లో బట్టల కొట్టు స్లైడ్లు చూసి పెరిగిన మనకు ఇది బాగా తెలిసిన వరసే.

మర్నాడు ఊరి బయట ఒక పాత సామాన్ల అంగట్లో గాడులు చెక్కిన చెక్కపెట్టె కనిపించింది. అందులో స్లైడ్లు నిలువుగా పేర్చి ఉన్నాయి. అమెరికా స్లైడు కొలత మూడుంపావు అంగుళాలకు నాలుగు. బ్రిటన్‌ది అటూ ఇటూ మూడుంపావే, కాబట్టి ఒకదాని చట్రంలో ఇంకోటి కుదరదు. ఒక గాజు మీద బొమ్మ, దానిపై నల్లకాగితం చట్రం, పైన మూతగాజు, నాలుగంచులా జిగురు కాగితం పట్టీ. రంగులు కుంచెతో వేసినవే, కానీ అనిలిన్ లాంటి, వెలుతురు దూరే రంగులే వాడాలి. మామూలు పెయింటు వేస్తే తెర మీద నల్లగా పడుతుంది. స్లైడు తిన్నగా పట్టుకుంటే కింద ఎడమ మూలన చుక్క ఉంటుంది. ప్రొజెక్టరు చట్రంలోకి తలకిందులుగా దించేటప్పుడు ఆ చుక్క కుడి బొటనవేలి కిందికి రావాలి. చీకట్లో ఆపరేటరుకు అదే ఆనవాలు.

వెంటనే కావలసిన ప్రకటనకు ఇంత పని ఉండేది కాదు. కార్బన్ కాగితం మడతలో పెట్టిన సెల్లోఫేన్ మీద టైపు కొట్టి, రెండు గాజుల మధ్య దూర్చేవారు. గాజులు మళ్లీ పనికొచ్చేవి. 1920లో వాల్ట్ డిస్నీ ఉద్యోగంలో చేరింది కూడా కాన్సాస్ సిటీ స్లైడ్ కంపెనీలోనే.

పెట్టెలో నాలుగింటికి మూతగాజు పగిలింది. కారణం వేడి. ప్రొజెక్టరులో వెలిగే ఆర్క్ దీపం ముందు గాజు నడుమ సాగుతుంది, అంచులు చట్రంలో చల్లగానే ఉంటాయి, ఎక్కువసేపు ఉంచితే టప్పున చీలుతుంది. ఇంకో చిక్కు తేమ. రెండు గాజుల మధ్య చిక్కిన తడి వేడికి ఆవిరై తెరంతా మంచు కమ్మినట్టవుతుంది. అందుకే స్లైడ్లను ముందుగా దీపం పెట్టె మీద గోరువెచ్చగా కాచాలి.

కొనేవాళ్లు స్లైడును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడాలి. అంచుల్లో నీలివెండి మెరుపు కనిపిస్తే అది మురికి కాదు, బొమ్మలోని వెండే పైకి తేలింది. రుద్దకూడదు. నీళ్లు అసలు వద్దు: బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ పొర ఉబ్బుతుంది, రంగులు కారతాయి. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. మూతగాజు పగిలితే మార్చుకోవచ్చు. బొమ్మ ఉన్న గాజు పగిలితే మాత్రం పట్టీ విప్పకుండా రెండు శుభ్రమైన గాజుల మధ్య బిగించి ఉంచాలి. మేము మూడు తీసుకుని, ఒక్కోదాన్ని కాగితంలో చుట్టి, పొడవు అంచు మీద నిలబెట్టి చేతిసంచిలో పెట్టాం. పడుకోబెట్టి దొంతర పెడితే కిందివాటి మీద బరువు పడుతుంది.

ఆ మూడింటిలో రెండు ప్రకటనలు. మూడోది రాబోయే సినిమాది. అలాంటి స్లైడుకు అడుగున ఖాళీ పట్టీ ఉంటుంది, ఏ రోజు ఆడుతుందో హాలువాళ్లు సిరాతో రాసుకోవడానికి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో వేసిన లెక్క ప్రకారం అమెరికాలో 1912–1929 మధ్య వచ్చిన పూర్తి నిడివి మూకీల్లో మొదటి విడుదల రూపంలో మిగిలినవి 14 శాతమే. కొన్నిటికి మిగిలింది ఇలాంటి గాజుముక్కే. మా స్లైడు పట్టీలో "శుక్ర, శని" అని చేతిరాత ఉంది. ఆ సిరా గాజు పైవైపునే ఉంటుంది, తడిగుడ్డ తగిలితే పోతుంది. మెరవాలని అంగడివాళ్లు అప్పటికే చాలావాటిని తుడిచేశారు. మిగిలినవాటి జోలికి పోవద్దని బతిమాలి వచ్చాం.