ఓడ దిగిన శుక్రవారం

విశాఖపట్నంలో ఉంటున్న మా తమ్ముడు ఒకనాటి రాత్రి ఫోను చేసి, భార్యాపిల్లలతోనూ అమ్మతోనూ కలిసి ఓడ ప్రయాణానికి బయలుదేరుతున్నామనీ, ఆ ఓడ పుదుచ్చేరి మీదుగా వచ్చి మా మద్రాసు రేవులో ఒక పగలంతా ఆగుతుందనీ, ఆ పగటిని ఎలా గడపాలో నన్నే నిర్ణయించమనీ చెప్పాడు. విశాఖలో 2023లో క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైనప్పటి నుంచి వాడికి ఈ కోరిక ఉంది. టికెట్లకే చాలా డబ్బు అయిపోయింది కనుక, ఒడ్డున మరీ ఎక్కువ ఖర్చు పెట్టించవద్దని కూడా మొహమాటపడుతూనే అడిగాడు. పెరంబూరులో ఇరవై ఏళ్లుగా కాపురం ఉంటున్న నాకు ఇది పెద్ద పని కాదనిపించింది కానీ, కాగితం మీద రాయడం మొదలుపెట్టాక అది నేననుకున్నంత సులువు కాదని తెలిసింది.

ఓడవారు ఏర్పాటు చేసే ఊరు చూపించే యాత్రలు ఉంటాయి. ఏసీ బస్సు, గైడు, నాలుగైదు చోట్ల ఆగడం, మళ్లీ రేవుకు చేర్చడం అన్నీ వారే చూసుకుంటారు. ఆ ధర తలకు ఇంత అని చెబుతారు కనుక ఒక్కరికి చూసినప్పుడు ఫరవాలేదనిపిస్తుంది. తమ్ముడి కుటుంబంలోని ఐదుగురికీ లెక్కవేస్తే మా ఇంటి నెల కిరాణా ఖర్చును మించిపోయింది. అయితే ఆ ధరలో ఒక భద్రత ఉందన్న సంగతిని దాచడం సరికాదు. ఓడవారి బస్సు దారిలో ఇరుక్కుంటే సాధారణంగా ఓడ దానికోసం ఆగుతుంది. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. తక్కువ ఖర్చుతో తిరగాలనుకునేవారు ఆ భద్రతను వదులుకుంటున్నారు కనుక, దాన్ని తమ దగ్గరున్న సమయంలోంచే కొంత విడిచిపెట్టి సంపాదించుకోవాలి.

అందుకే నేను చూడవలసిన స్థలాల జాబితాతో కాక, తిరిగి ఓడ ఎక్కవలసిన వేళతో మొదలుపెట్టాను. ఓడ ఉదయం 7 గంటలకు రేవు చేరి సాయంత్రం 6 గంటలకు బయలుదేరుతుందని వాళ్ల టికెట్టులో ఉంది. అది చూసి తమ్ముడు పదకొండు గంటలు మనవేనని సంబరపడ్డాడు. కానీ 6 గంటలకు కదిలే ఓడలో అందరూ 5 గంటలకల్లా ఉండాలన్నది నియమం. ఓడ నిలిచే గట్టు నుంచి రేవు గేటు వరకు నడవనివ్వరు. అది క్రేన్లూ కంటెయినర్ లారీలూ తిరిగే చోటు కనుక షటిల్ బస్సులోనే రావాలి. గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) వారి తనిఖీ ఉంటుంది. ఓడవారిచ్చిన కార్డుతోపాటు ఆధార్ కూడా జేబులో ఉండాలి. ఇవన్నీ కలిపి ముప్పావు గంట తీసేసి, దానికి మరో పావుగంట దురదృష్టం కోసం కేటాయించి, గేటు దగ్గరకు 4 గంటలకు చేరాలని గీత గీశాను. ఉదయం కూడా ఓడ ఆగగానే దిగనివ్వరు. బయటికి వచ్చేసరికి 9 అవుతుంది. పదకొండు గంటలు ఆ విధంగా ఏడు గంటలకు దిగివచ్చాయి.

రెండో చిక్కు క్యాలెండరులో దొరికింది. ఓడ కార్యక్రమంలో తేదీలే ఉన్నాయి, వారాలు లేవు. నేను మొదట ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియాన్నీ, ఫోర్ట్ సెయింట్ జార్జ్ మ్యూజియాన్నీ కలిపి ఒక చక్కటి ప్రణాళిక వేసుకుని, పిల్లలకు అమరావతి శిల్పాలు చూపించవచ్చని చాలా మురిసిపోయాను. తేదీని వారంతో సరిచూస్తే అది శుక్రవారం. ఆ రెండు మ్యూజియాలకూ శుక్రవారమే సెలవు. సోమవారం సెలవని అలవాటుపడిన మనిషికి ఈ శుక్రవారం తట్టదు. ఏ రేవుకు వెళ్లినా ముందుగా ఆ రోజు ఏ వారమో చూసుకోవాలన్నది నేను ఆ రాత్రి నేర్చుకున్నాను.

కాబట్టి ఊరంతా చూపించాలన్న ఆశను వదిలేసి, ఒకే గీత మీద ఉన్న మూడు నాలుగు చోట్లను ఎంచుకున్నాను. రేవు నుంచి దక్షిణంగా కామరాజర్ సాలై సముద్రం పక్కనే సాగుతుంది. దాని చివర లైట్‌హౌసు, అక్కడి నుంచి కాస్త ముందుకు వెళితే శాంథోమ్, లోపలికి తిరిగితే మైలాపూరు. ఉదయం అన్నిటికన్నా దూరమైన చోటికి ముందు వెళ్లిపోయి, పగలు గడిచేకొద్దీ ఓడకు దగ్గరగా జరుగుతూ రావడం నా ఉద్దేశం. దగ్గరి నుంచి దూరానికి వెళ్లినవారికి మధ్యాహ్నం 3 గంటల తర్వాత గుండె దడ మొదలవుతుంది. దూరం నుంచి దగ్గరికి వచ్చేవారు ఆలస్యమైతే చివరి ఒక్క చోటును వదిలేస్తే సరిపోతుంది.

బయటివారిని పాసు లేకుండా రేవులోకి పంపరు కనుక, నేను రాజాజీ సాలై మీదే నిలబడి ఎదురుచూశాను. వాళ్లు 9 గంటలకు ఐదు నిమిషాలు ముందే వచ్చారు. ఓడలో పలహారం ఎలాగూ టికెట్టులో కలిసినదే కనుక కడుపు నిండా తిని దిగమని ముందే చెప్పి ఉంచాను. అమ్మ మాత్రం అక్కడి ఇడ్లీ తనకు రుచించలేదని రెండు అరటిపళ్లతో సరిపెట్టుకుంది. గేటు ఎదుట నిలిచిన ఆటోవాళ్లు మైలాపూరుకు అడిగిన ధర విని తమ్ముడు నా వైపు చూశాడు. ఓడ ప్రయాణికులను చూడగానే ధర పెరగడం ఏ రేవులోనైనా ఉన్నదే. నేను అందరినీ కొంతదూరం నడిపించి, ఫోనులోని యాప్ ద్వారా ఒక ఆటో పిలిచి, అమ్మనూ మరదలినీ అందులో ఎక్కించాను. దానికి రూ.170 అయింది. అమ్మ మోకాళ్లకు రైలు మెట్లు పడవు. మైలాపూరుకు దిగవలసిన తిరుమయిలై స్టేషను ఎత్తున కట్టినది, అక్కడి లిఫ్టును నమ్ముకుని పెద్దవారిని తీసుకువెళ్లడం నాకు ఇష్టం లేదు. మిగిలిన నలుగురం బీచ్ స్టేషనులో ఎమ్మార్టీఎస్ అనే నగర రైలు ఎక్కాము. మా అందరి టికెట్లూ కలిపి రూ.20 దాటలేదు. ఇంత నగరంలో ఇంత చవకైన ప్రయాణం అరుదే అనుకుంటాను. ఒకటి రెండేళ్ల క్రితం వరకు చేపాక్కం దాకా పనుల కోసం ఈ దారిని మూసివేశారు; 2024 అక్టోబరులో తిరిగి తెరిచారు.

రైలు కోసం ఆగినప్పుడు పెద్ద మేనల్లుడు, షటిల్ బస్సు కోసం పావుగంట నిలబడవలసి వచ్చిందని విసుక్కున్నాడు. వాడికి ఈ పట్నంలో ఒకప్పుడు రేవే లేదని చెప్పాను. ఓడలు దూరంగా లంగరు వేసి నిలిస్తే, మనుషులనూ సరుకులనూ మసులా పడవలలో దించుకుని, ఒకదాని మీద ఒకటి విరుచుకుపడే కెరటాలను దాటించి ఒడ్డుకు తెచ్చేవారు. ఆ పడవల పలకలను మేకులతో కాక కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేవారు. అల దెబ్బకు పలక విరగకుండా వంగాలన్నది దానిలోని కిటుకు. తర్వాత రాతి కట్ట కట్టడం మొదలుపెడితే 1881లో వచ్చిన తుపాను దాన్ని ఛిన్నాభిన్నం చేసింది. పిల్లవాడు అంతా విని, ఆ పడవ కన్నా షటిల్ బస్సే నయమని ఒప్పుకున్నాడు.

మైలాపూరులో కపాలీశ్వరాలయాన్ని మొదట పెట్టుకోవడానికి కారణం భక్తి ఒక్కటే కాదు. ఈ ఊళ్లో పెద్ద గుళ్లు మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకు మూసి మళ్లీ 4 గంటలకు తెరుస్తారు. ఓడ దిగినవారికి ఆ సాయంత్రపు తెరుపు ఎలాగూ అందదు. శుక్రవారం కనుక జనం ఎక్కువగానే ఉన్నారు. అయినా 11 లోపు దర్శనం ముగిసింది. చుట్టూ ఉన్న మాడవీధులలో పూలదండలు, ఇత్తడి సామాను, బొమ్మలు చూస్తూ తిరగడానికి డబ్బు అక్కరలేదు. మరదలు ఒక మూర మల్లెపూలు, పిల్లలు ఒక గిలక కొన్నారు. పెద్దవాళ్లం నలుగురం గ్లాసుల్లో ఫిల్టరు కాఫీ తాగాము. ఓడలోని కాఫీ గురించి తమ్ముడు అంతవరకు ఏమీ అనలేదు. ఈ కాఫీ తాగాక అన్నాడు.

అమ్మ ఈ మొత్తం ప్రణాళికలో అడిగినది ఒకే ఒక్కటి. పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచిన ఇల్లు చూపించమంది. రాయపేట హైరోడ్డులో 126వ నంబరు అది. అప్పట్లో బులుసు సాంబమూర్తి గారి ఇల్లు, ఇప్పుడు స్మారక భవనం. 1952 అక్టోబరు 19న అక్కడ నిరాహారదీక్షకు కూర్చున్న ఆయన 58వ రోజున, డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. అది జరిగేనాటికి అమ్మ నెలల పిల్ల. ఆ రోజుల సంగతులు మా తాతయ్య చెప్పగా విన్నది. పాఠ్యపుస్తకంలో పేరు చదివిన పిల్లలకు, ఆ పేరుకు ఇంతటి రద్దీ రోడ్డు మీద ఒక ఇంటి నంబరు ఉందన్న సంగతి ఆశ్చర్యం కలిగించింది. అక్కడ మేము గడిపింది పావుగంటే. ఏ టూరు బస్సూ అక్కడ ఆగదు, పైసా ఖర్చూ లేదు. తెలుగువారు ఈ రేవులో దిగితే, మెరీనా కన్నా ముందు దీన్ని చూడాలని నా అభిప్రాయం.

అక్కడికి దగ్గరలోనే లజ్ చర్చి రోడ్డులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి పేరిట ఉన్న పార్కును కూడా చూపించాలనుకున్నాను కానీ, ఎండ చూసి మానుకున్నాను. ఆ పార్కు పేరుగల పెద్దమనిషే అమృతాంజనం తయారుచేసినవారని చెప్పగానే అమ్మ తన చేతిసంచిలోంచి పసుపురంగు సీసా తీసి, ఇరవై నాలుగు గంటలూ ఆయన తనతోనే ఉంటారంది.

భోజనం మాడవీధి దగ్గరి ఒక చిన్న మెస్సులో చేశాము. ఓడకు తిరిగి వెళ్లి తింటే ఖర్చు ఉండదు కదా అని తమ్ముడు ముందురోజు అడిగాడు. వినడానికి బాగున్నా, రెండుసార్లు గేటు తనిఖీ, రెండుసార్లు షటిల్ బస్సు కలిపితే ఆ ఉచిత భోజనానికి రెండు గంటలు ఖర్చవుతాయి. ఓడలోని తిండిని బయటికి తేవడానికి సాధారణంగా ఒప్పుకోరు. పిల్లలిద్దరికీ ఒక ఆకు పంచగా ఐదు భోజనాలకు రూ.650 అయింది. ఆ రోజు ఖర్చులో పెద్దది ఇదే. నేను ఇంటి నుంచి తెచ్చిన మజ్జిగ సీసాలు, చేగోడీలు మధ్యమధ్యలో ఆదుకున్నాయి.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి 3 వరకు మద్రాసు ఎండలో పిల్లలనూ పెద్దలనూ ఎక్కడ కూర్చోబెట్టాలన్నది ప్రణాళికలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. గుళ్లు మూసి ఉంటాయి, మాల్‌కు వెళితే డబ్బు కరుగుతుంది. శాంథోమ్ బసిలికా ఆ సమయంలోనూ తెరిచే ఉంటుంది. ఏసు శిష్యుడైన తోమా సమాధి మీద కట్టినదని చెప్పే ఈ చర్చి ఇప్పటి రూపం 1896 నాటిది. ఎత్తైన కప్పు కింద చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది. సమాధి ఉన్న చోటికి కిందికి దిగి వెళ్లవచ్చు. పూర్వం కపాలీశ్వరాలయం ఈ సముద్రతీరంలోనే ఉండేదనీ, పోర్చుగీసువారి కాలంలో అది పోయాక ఇప్పటి చోట మళ్లీ కట్టారనీ చెబుతారు. అమ్మ ఒక బల్ల మీద కూర్చుని కాసేపు కళ్లు మూసుకుంది. చిన్నవాడు ఆమె పక్కనే నిద్రపోయాడు. ప్రార్థనకు వచ్చేవారికి ఇబ్బంది కలగకుండా గొంతు తగ్గించుకుంటే ఎవరూ లేచి వెళ్లమనరు.

లైట్‌హౌసును మధ్యాహ్నం విరామం తర్వాత తెరిచే వేళకు, 3 గంటలకు, చేరుకున్నాము. దానికి సోమవారం సెలవు కనుక శుక్రవారం మాకు కలిసివచ్చింది. 1977లో వెలిగించిన ఈ దీపస్తంభానికి లిఫ్టు ఉంది; మన దేశంలో ఇది చాలా అరుదు. తొమ్మిదో అంతస్తు దాకా అందులో వెళ్లవచ్చు కనుక అమ్మ కూడా ఎక్కగలిగింది. ఉత్తరాన రేవు క్రేన్ల నడుమ తెల్లగా కనిపించిన ఓడను చూపిస్తూ, అది తమదేనని పిల్లలు కేకలు పెట్టారు. మరదలు మాత్రం ఓడ అంత దూరంలో ఉందా అని గడియారం చూసుకుంది. ఆవిడ కంగారులో న్యాయం ఉంది.

మెరీనా ఇసుకలో తేంగా మాంగా పట్టాణి సుండల్ (కొబ్బరి, మామిడి కలిపిన బఠాణీ గుగ్గిళ్లు) తిని, నీళ్లలో పాదాలు కూడా తడపకుండా వెనుదిరిగాము. అక్కడి కెరటాలు ప్రమాదకరమైనవి, తడిబట్టలతో రేవు తనిఖీలో నిలబడటం వేరే బాధ. కామరాజర్ సాలైలో రేవు వైపు సాధారణ బస్సులు వస్తూనే ఉంటాయి. తమిళనాడులో 2021 నుంచి ఆడవారికి ఆ బస్సులలో చార్జీ లేదు, ఏ ఊరివారని కూడా అడగరు. అయినా నేను రెండు ఆటోలు పిలిచాను. పొదుపు చేయవలసింది వెళ్లేటప్పుడు, తిరిగివచ్చేటప్పుడు కాదు. రెండిటికీ కలిపి రూ.260 అయింది. గేటు దగ్గర గడియారం 3:50 చూపించింది. మొత్తం ఖర్చు, పూలూ సుండలూ లైట్‌హౌసు టికెట్లతో సహా, రూ.1,600 లోపే ముగిసింది. బీచ్ స్టేషను దగ్గర బర్మా నుంచి తిరిగివచ్చిన కుటుంబాలు అమ్మే అత్తో నూడుల్సు తినాలని తమ్ముడికి ఉండేది. అవి సాయంత్రానికి గానీ ఊపందుకోవు కనుక కుదరలేదు.

శుక్రవారం కాని రోజున ఈ రేవులో దిగేవారికి నా మొదటి ప్రణాళిక ఇప్పటికీ పనికివస్తుంది. బీచ్ స్టేషనులో తాంబరం వైపు లోకల్ ఎక్కితే మూడో స్టేషను ఎగ్మూరు. అక్కడి నుంచి పాంథియన్ రోడ్డు మ్యూజియానికి పదిహేను నిమిషాల నడక. 1851లో మొదలైన ఆ మ్యూజియంలో అమరావతి నుంచి తెచ్చిన సున్నపురాతి ఫలకాలు ఒక పూట నిలిపేటన్ని ఉన్నాయి, పక్కనే కంచు విగ్రహాల భవనం ఉంది. పిల్లలు చిన్నవాళ్లయితే రెండిటిలో ఒకటే చూపించండి. మా మేనల్లుళ్లకైతే ఫలకాలే ముందు.