పడవకు చెక్క: చేవ చూసి, చివర్లు మూసి

పడవ పలక మార్చాలనగానే "టేకేనా?" అని అడుగుతారు. దానికంటే ముందు చూడాల్సింది చేవ, అంటే దుంగ నడుమ ఉండే ముదురు చెక్క. టేకు దుంగలోనైనా బెరడు పక్కనుండే తెల్ల చెక్క నీళ్లకు ఆగదు. అంచున వేలెడంత తెలుపు కనిపించినా కోసి తీసేయాల్సిందే. మామిడి పలక చవకే గానీ, ఉప్పునీటిలో టెరిడో పురుగు దాన్ని లోపల్నుంచి డొల్ల చేసేస్తుంది, పైకి సన్నటి బెజ్జమే కనిపిస్తుంది. మంచినీటిలో ఆ పురుగు బతకదు. అందుకే గోదావరి ఎగువన నడిచే పడవకు చెల్లిన చెక్క సముద్రపు ఉప్పునీరు చేరే కోరంగి పాయల్లో చెల్లదు.

పాత చెక్క ఎంతవరకు తీయాలి? కత్తిమొన గుచ్చి పైకి లేపండి. గట్టి చెక్క పొడుగాటి పేడుగా లేస్తుంది, పుచ్చింది పుటుక్కున విరుగుతుంది. పేడు లేచే చోటు దాటాకే కోత పెట్టాలి.

కొత్త పలకను చివర నుంచి చూడండి. వలయాలు పలక వెడల్పు ముఖానికి నిలువుగా ఉన్నదే తీసుకోండి. చెక్క వలయాల వెంబడి కుదించుకునేదాంట్లో దాదాపు సగమే వలయాలకు అడ్డంగా కుదించుకుంటుంది, కాబట్టి పలక వంకర పోదు. పచ్చి చెక్క వేస్తే ఒడ్డుకు లాగిన రోజుల్లో సందులు తెరుచుకుంటాయి. మరీ ఎండినదాన్ని బిగించి కొడితే నీళ్లలో ఉబ్బి మేకుల్ని లాగేస్తుంది. పలకల సందుల్లో దూది కూరే పడవకు 15 శాతం తేమ సరిపోతుంది, ఎపాక్సీ జిగురుతో అతికేదైతే 12 లోపు ఉండాలి.

అతుకు ఏటవాలుగా, మందానికి ఎనిమిది రెట్లు పొడవు: 25 మి.మీ. పలకకు 200 మి.మీ. టేకులో సహజంగా నూనె ఉంటుంది. అతికే ముఖాన్ని అసిటోన్‌తో తుడిచి, ఆరగానే జిగురు పూయాలి. ఆలస్యమైతే నూనె మళ్లీ పైకి తేలుతుంది. పక్కపక్క పలకల అతుకులు ఒకే వరసలో రానీయకండి. నీటి మట్టం కింద రాగి మేకులకు తోడుగా ఇనుప మేకు కొట్టొద్దు. ఉప్పునీటిలో ఇనుమును ముందు తుప్పు తినేస్తుంది, చుట్టూ చెక్క నల్లబడి మెత్తబడుతుంది.

నీళ్లు ఎక్కువగా తాగేది పలక చివర్లే. బిగించకముందే వాటికి నీరు దిగకుండా మూసే పూతలు రెండు మూడు పట్టించండి, తర్వాత ఆ చోటు చేతికందదు. పడవ అడుగున జీడినూనె (జీడిగింజల పెంకు నుంచి తీసేది) వాడేవాళ్లు చేతులకు తొడుగులు వేసుకోవాలి, చర్మం కాలి బొబ్బలెక్కుతుంది.

పైభాగానికి వార్నిష్. మొదటి పూతలో సగం టర్పెంటైన్ కలిపితే లోపలికి దిగుతుంది. తర్వాత పలచన తగ్గిస్తూ ఐదారు పూతలు, మధ్యమధ్య 220 నంబరు గరుకు కాగితంతో రుద్దాలి. మబ్బుగా, తేమగా ఉన్న సాయంత్రం పూస్తే పాలలా తెల్లబడుతుంది. మంచు ఆరిన పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నంలోపు ముగించండి.