గ్రిల్లు పెడితే సరా, తెరుచుకోవద్దూ?

బరంపురం పాత వీధుల్లో ఇళ్లు తెలిసినవే కదా. రెండు పక్కలా ఉమ్మడి గోడలు, వీధివైపు ఒక తలుపు, పెరటివైపు ఒకటి. వంటింట్లో మంట లేస్తే పెరటి దారి పోయినట్టే. అలాంటి ఇంట్లో ప్రతి కిటికీకీ కదలని గ్రిల్లు బిగించేయడం నాకు అసలు నచ్చదు.

మంటలొస్తే బయటపడేందుకు పడగ్గదిలో ఒక్క గ్రిల్లయినా తలుపులా తెరుచుకోవాలి. కొలతకి అమెరికా ఇళ్ల నియమావళి లెక్క పనికొస్తుంది: వెడల్పు కనీసం 20 అంగుళాలు, ఎత్తు 24, మొత్తం ఖాళీ 5.7 చదరపు అడుగులు, కిటికీ కింది అంచు నేల నుంచి 44 అంగుళాలు దాటకూడదు. మెలికేంటంటే, వెడల్పు 20 మాత్రమే ఇస్తే ఎత్తు 24 చాలదు, ఆ 5.7 చదరపు అడుగులు రావాలంటే 41 అంగుళాలకి పైనే కావాలి. నాలుగడుగుల స్లైడింగ్ కిటికీ అయినా తెరుచుకునేది సగమే, అదీ చూసుకోండి.

గడియ లోపలివైపే ఉండాలి. చువ్వల సందులోంచి బయటివాడి చెయ్యి అందకుండా దాని చుట్టూ ఇనప రేకు అడ్డం పెట్టించండి. తాళం వద్దు, పొగలో తాళంచెవి ఎవరికి దొరుకుతుంది? బందుల పిన్నులు ఊడదీయకుండా కొసలు వెల్డింగు చేయించాలి.

ముందు చెడేది ఆ బందులే. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి తుప్పు పట్టేస్తాయి. పైగా పెయింటరు గ్రిల్లు మూసి ఉంచే రంగు పూస్తాడు, ఎండాక చట్రానికి అతుక్కుపోతుంది. తెరిచిపెట్టే పూయించండి. నెలకోసారి నూనె చుక్క వేసి పూర్తిగా తెరిచి చూడండి. ఎండాకాలం రాగానే సరిగ్గా ఆ కిటికీకే కూలర్ బిగించేవాళ్లకి ఏం చెప్తాం!