ఆరుబయట కట్టెల బాయిలర్: మంటా, నీళ్లూ, తుప్పూ

ఇంటికి కాస్త ఎడంగా, ఆరుబయట, చిన్న కొట్టు గదిలా కనిపించే ఇనుప పెట్టె. లోపల కట్టెలు మండుతుంటాయి. ఆ మంట గది చుట్టూ ఉన్న నీళ్లు కాగి, భూమిలో పాతిన పైపుల గుండా ఇంట్లోకి వెళ్తాయి. అక్కడ వేడిని వదిలేసి, చల్లబడి వెనక్కి వస్తాయి. బాయిలర్ కొనేటప్పుడు అందరూ రేకు మందం ఎంత, గ్యారంటీ ఎన్నేళ్లు అని అడుగుతారు. అడగాల్సిందే. అయితే ఒకే మోడల్ ఒక ఇంట్లో ఏళ్ల తరబడి నిలిచి, ఇంకో ఇంట్లో త్వరగా చిల్లులు పడుతోందంటే, ముందుగా చూడాల్సింది అందులో మంట ఎలా మండుతోందన్నదే.

నీళ్లు 85 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే థర్మోస్టాట్ ఫ్యాన్‌ను ఆపేస్తుంది, గాలి వచ్చే దారిలోని రెక్క (డ్యాంపర్) మూసుకుంటుంది. 79కి దిగితే మళ్లీ తెరుచుకుంటుంది. (అంకెలు మోడల్‌ను బట్టి కొద్దిగా మారతాయి.) ఈ రెండింటి మధ్య మంట ఆరిపోదు, నివురుగప్పి ఉంటుంది. గాలి అందదు గానీ కట్టె మాత్రం వేడికి పొగ కక్కుతూనే ఉంటుంది. మామూలు పొయ్యిలో గోడలు మంట వేడికి కాలిపోతుంటాయి. ఇక్కడ గోడ వెనక నీళ్లున్నాయి కాబట్టి రేకు ఆ నీళ్ల వేడిని మించి పెద్దగా ఎక్కదు. ఆ చల్లటి రేకుకు పొగ తగిలి, అందులోని ఆవిరి, ఆమ్లాలు, తారు అన్నీ చెమటలా కారి గోడలకు పడతాయి. అదే క్రియోసోట్. జిగటగా, నల్లగా ఉండే ఈ పదార్థం పొగగొట్టంలో పేరుకుంటే దానికి నిప్పంటుకోవచ్చు. బూడిదతో కలిసి మూలల్లో తడిగా ఉండిపోతే ఇనుమును తినేస్తుంది. మంట భగభగ మండినంతసేపూ ఈ బాధ తక్కువ. నివురుగప్పే గంటలు పెరిగేకొద్దీ కట్టె దండగ, పొగ ఎక్కువ, తుప్పు ఎక్కువ.

అందుకే ఎంత కట్టె వేయాలన్నది మొదటి లెక్క. చలి గట్టిగా ఉన్న రోజు ఇంటికి సగటున 10 కిలోవాట్ల వేడి కావాలనుకోండి. 12 గంటలకు 120 యూనిట్లు (కిలోవాట్-గంటలు). బాగా ఎండిన కట్టెలో కిలోకు దాదాపు 4 యూనిట్ల వేడి ఉంటుంది. సాధారణ రకం బాయిలర్‌లో అందులో సగానికి కాస్త అటూ ఇటూ నీళ్లకు చేరుతుందనుకుంటే, 50 నుంచి 60 కిలోల కట్టె కావాలి. చలి తగ్గిన రోజు 4 కిలోవాట్లే కావాల్సి వస్తే, అదే 12 గంటలకు 20–24 కిలోలు చాలు. ఆ రోజు కూడా అలవాటుగా 60 కిలోలు నింపితే మిగిలిన కట్టె అంతా గంటల తరబడి పొగలోనే పోతుంది. పొయ్యి నిండా కుక్కి మర్చిపోవచ్చని చాలామంది అనుకుంటారు. ఈ పొయ్యికి అంతకంటే చేటు చేసే అలవాటు ఇంకోటి లేదని నా నమ్మకం. పన్నెండు గంటల్లో బొగ్గులయ్యేంతే వేయండి. రోజుకు రెండుసార్లు వెళ్లక తప్పదు.

బాయిలర్ ఇంటి అవసరానికి మించి పెద్దదైతే ఈ సమస్య చలికాలమంతా వెంటాడుతుంది. దానికి మందు బఫర్ ట్యాంకు, అంటే వేడి నీళ్లను నిల్వ ఉంచే పెద్ద తొట్టి. 1000 లీటర్ల నీళ్లను 30 డిగ్రీలు వేడెక్కిస్తే దాదాపు 35 యూనిట్లు నిల్వ ఉంటాయి. మంటను ఒక్క ఊపున పూర్తిగా మండనిచ్చి, వేడిని ట్యాంకులో దాచి, నెమ్మదిగా వాడుకోవచ్చు. కట్టె కక్కే గ్యాసును విడిగా మండించే గ్యాసిఫికేషన్ రకం బాయిలర్‌కైతే ఇది దాదాపు తప్పనిసరి అనే అంటాను.

ఇక కట్టె. అప్పుడే కొట్టిన పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్లే ఉండొచ్చు. ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికే 0.7 యూనిట్ వేడి ఖర్చవుతుంది. అన్నీ లెక్కేస్తే పచ్చి కట్టె కిలోకు రెండుంబావు యూనిట్లు మించి రావు. పైగా ఆ ఆవిరంతా చల్లటి గోడల మీదే పడుతుంది. తేమ 20 శాతానికి అటూ ఇటూ ఉండాలి, 25 దాటకూడదు. తేమ మీటరును మొద్దు చివర్లో గుచ్చి చూస్తే అది అబద్ధం చెప్తుంది, ఎందుకంటే చివర్లు ముందే ఆరిపోతాయి. మొద్దును అప్పటికప్పుడు చీల్చి, లోపలి ముఖం మధ్యలో, నార వెంబడి రెండు ముళ్లనూ గుచ్చి చూడాలి. మెత్తటి జాతులు ఒక వేసవిలో ఆరతాయి. ఓక్ లాంటి గట్టి కట్టెకు రెండేళ్లు పడుతుంది. చీల్చకుండా గుండ్రంగా వదిలేసిన దుంగ, బెరడు తేమను బయటికి పోనివ్వదు కాబట్టి, ఏళ్లు గడిచినా లోపల పచ్చిగానే ఉంటుంది. నేలకు తగలకుండా ఎత్తు మీద పేర్చి, పైన మాత్రమే కప్పండి. పక్కలు కూడా టార్పాలిన్‌తో చుట్టేస్తే గాలి ఆడక కట్టె బూజు పడుతుంది.

పెయింటు వేసిన చెక్క, మందు పట్టించిన స్తంభాలు, ప్లైవుడ్, ప్లాస్టిక్, ఇంటి చెత్త ఇందులో వేయకూడదు. పీవీసీ కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. సముద్రం ఒడ్డున దొరికే ఉప్పు కట్టెలో ఉన్న క్లోరిన్ కూడా రేకుకు శత్రువే. మందు పట్టించిన పాత చెక్కలో ఆర్సెనిక్ ఉంటే అది బూడిదలోనూ పొగలోనూ మిగులుతుంది.

తలుపు తెరవడం దగ్గర తొందరపాటు పనికిరాదు. డ్యాంపర్ మూసి ఉన్నప్పుడు పెట్టె నిండా మండని గ్యాసులు పేరుకుని ఉంటాయి. తలుపు ఒక్కసారిగా లాగితే గాలి దూసుకెళ్లి, అవి గుప్పుమని ముఖం మీదికే అంటుకుంటాయి. ముందు ఫ్యాన్ ఆపండి. పొగను నేరుగా గొట్టంలోకి వదిలే బైపాస్ ఉంటే తెరవండి. గొళ్లెం వదులు చేసి, తలుపును ఒక్క అంగుళం తెరిచి, 15–20 సెకన్లు అలాగే పట్టుకోండి. ఆ సందులోంచి గాలి లోపలికి సన్నగా ఈలవేస్తుంది, గొట్టంలోంచి పొగ తెల్లగా, జోరుగా లేస్తుంది. ఆ జోరు తగ్గి, లోపల మంట కనిపించాకే పూర్తిగా తెరవాలి. అప్పుడు కూడా నిలబడాల్సింది తలుపు వెనక, దాని ఎదురుగా కాదు. మోచేతుల దాకా వచ్చే తోలు గ్లవుజులు వేసుకుని, నిప్పుల్ని ఊచతో ముందుకు లాగి, గాలి రంధ్రాలు కనపడేలా చేసి, ఆపైన కట్టె పెట్టండి. పెట్రోలు, కిరోసిన్ ఎప్పుడూ వద్దు.

ఫ్యాన్ తిరుగుతున్నా మంట లేవట్లేదంటే ఎక్కువగా ఆ రంధ్రాలే బూడిదతోనో క్రియోసోట్‌తోనో మూసుకుపోయి ఉంటాయి. దానికి రివర్స్‌లో ఇంకో జబ్బు ఉంది: ఫ్యాన్ ఆగాక కూడా నీళ్ల వేడి పెరుగుతూ పోయి, నీళ్ల ట్యాంకు పైనున్న వెంట్ గొట్టంలోంచి ఆవిరి తన్నుకొస్తుంది. అంటే ఎక్కడో గాలి దొంగతనంగా దూరుతోందన్నమాట. రెండే అనుమానాలు: డ్యాంపర్ రెక్క జిగటకు అతుక్కుని పూర్తిగా మూసుకోకపోవడం, లేదా తలుపు అంచున గాలి దూరకుండా ఉండే గ్యాస్కెట్ తాడు అణగారిపోవడం. రెక్కను వారానికోసారి వేలితో కదిపి చూడండి. గ్యాస్కెట్ పరీక్ష బాయిలర్ చల్లగా ఉన్నప్పుడే: తలుపు సందులో సన్నటి కాగితం ముక్క పెట్టి, తలుపు వేసి, లాగండి. బిగుతుగా ఉండాలి. జారి వచ్చేస్తే ముందు గొళ్లెం బిగింపు సరిచూడండి. అప్పటికీ జారితే తాడు మార్చాలి. పాత జిగురంతా గీకేసి, గాడి శుభ్రంగా ఉన్నాకే కొత్తది అతికించాలి. తాడు సాగదీసి పెడితే సన్నబడుతుంది, ఉన్నదాన్ని ఉన్నట్టు అమర్చండి.

బూడిద మొత్తం తీసేయొద్దు. 5 నుంచి 10 సెంటీమీటర్ల నిప్పుల పరుపు ఉంటే కట్టె త్వరగా అంటుకుంటుంది. మూలల్లో, గోడల వెంబడి అట్టకట్టిన బూడిదను మాత్రం వారానికోసారి గీకి తీసేయండి, తుప్పు మొదలయ్యేది అక్కడే. తీసిన బూడిదను మూతున్న ఇనుప డబ్బాలో వేసి, కట్టెల కుప్పకు, గోడలకు దూరంగా, మట్టి నేల మీదో బండ మీదో పెట్టాలి. పైకి చల్లారినట్టున్నా లోపల నిప్పు రోజుల తరబడి బతికుంటుంది.

నీళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు. ఇది బిగించిన వ్యవస్థ కాదు, పైన వెంట్ తెరిచే ఉంటుంది. ఆ వెంట్‌ను ఎప్పుడూ మూయకూడదు, మూస్తే పెట్టె ప్రెషర్ కుక్కర్‌లా మారి పగిలిపోతుంది. తెరిచి ఉంటుంది కాబట్టి కొద్దికొద్దిగా నీళ్లు తగ్గుతాయి, మనం పోస్తాం. పోసిన ప్రతిసారీ కొత్త నీళ్లతో పాటు ఆక్సిజన్ కూడా వెళ్తుంది. ఇనుముకు కావాల్సినంత నష్టం చేసేది అదే. అందుకే తుప్పు నిరోధకం కలుపుతారు. ఎక్కువగా నైట్రైట్ ఆధారంగా ఉండేది. దాని మోతాదును టెస్ట్ కిట్‌తో చలికాలం మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి చూసి, తయారీదారు చెప్పిన హద్దులో ఉంచండి. రెండు కంపెనీల మందుల్ని కలపొద్దు. ఇనుప పెట్టెకు పీహెచ్ 8.5 పైన ఉంటే మంచిది, అయితే నీళ్లు తిరిగే సర్క్యూట్‌లో ఎక్కడైనా అల్యూమినియం ఉంటే అంత క్షారానికి అది కరుగుతుంది. కాబట్టి ముందు ఏ లోహం ఎక్కడుందో తెలుసుకోండి. నీళ్లు తరచూ తగ్గుతున్నాయంటే ఆవిరి ఒక్కటే కారణం కాదు, లీకేజీ వెతకండి. ట్యాంకు ఎండిపోయి రేకు కాలుతున్నప్పుడు చన్నీళ్లు పోస్తే వెల్డింగులు చిట్లుతాయి. చల్లారేదాకా ఆగాలి.

బాయిలర్‌కు తిరిగొచ్చే నీళ్లు 60 డిగ్రీల కంటే చల్లగా ఉంటే గోడలు మరింత చల్లబడి క్రియోసోట్ పెరుగుతుంది. ఒక థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు పెట్టి, వేడి నీళ్లలో కొంత వెనక్కే తిప్పితే ఈ సమస్య తీరుతుంది. ఇంట్లో, ఈ నీళ్ల వేడిని గదికో స్నానాల నీళ్లకో అందించే హీట్ ఎక్స్ఛేంజర్‌కు ముందూ వెనకా రెండు థర్మామీటర్లు ఉంటే సగం జబ్బులు అవే చెప్పేస్తాయి. మామూలుగా తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉంటుంది. వచ్చే నీళ్లు 80, పోయే నీళ్లు 79, గది మాత్రం చల్లగా ఉందంటే నీళ్లు బాగానే వస్తున్నాయి గానీ వేడి దిగట్లేదు: కాయిల్ రెక్కల్లో దుమ్మో, ప్లేట్ల మధ్య సున్నపు పొరో. స్నానాల నీళ్ల ప్లేట్ ఎక్స్ఛేంజర్‌ను విడిగా వాల్వులు కట్టి, సిట్రిక్ ఆమ్లపు ద్రావణం తిప్పి కడిగితే ఆ పొర పోతుంది. అదే 80 వచ్చి 50కి పడిపోతే నీళ్లు నత్తనడకన వస్తున్నాయి. చెత్తను పట్టే స్ట్రైనర్ జల్లెడ విప్పి చూడండి, తర్వాత పంపు.

పంపును బాయిలర్ దగ్గరే, వీలైనంత కిందికి పెట్టాలి. తెరిచిన వ్యవస్థలో పంపు నోటి దగ్గర ఒత్తిడి ఇచ్చేది పైనున్న నీళ్ల ఎత్తు మాత్రమే. ఇంట్లో ఎత్తున పెడితే వేడి నీళ్లలో బుడగలు పుట్టి గరగరమంటుంది, త్వరగా పాడవుతుంది. మోటారు ఇరుసు అడ్డంగా ఉండాలి. పంపుకు రెండు వైపులా వాల్వులుంటే నీళ్లన్నీ వదలకుండానే దాన్ని మార్చుకోవచ్చు.

భూమిలో పైపు మీద మాత్రం డబ్బు పొదుపు చేయొద్దు. మంచి ఇన్సులేషన్ ఉన్న పైపులో 30 మీటర్లకు అర డిగ్రీ కూడా దిగకూడదు. నిమిషానికి 40 లీటర్లు పారే పైపులో ఒక్క డిగ్రీ దిగిందంటే దాదాపు 2.8 కిలోవాట్లు మట్టిలోకి పోతున్నట్టే. రోజుకు 67 యూనిట్లు, అంటే ముప్పై కిలోల కట్టె. పైపు పోయిన దారి వెంబడి మంచు గీతలా కరిగి కనిపిస్తే తొడుగులోకి ఊటనీరు దిగిందన్నమాట. మరమ్మతు కంటే తవ్వి కొత్తది వేయడమే చవక.

కరెంటు పోతే ఫ్యాన్, పంపు రెండూ ఆగుతాయి. డ్యాంపర్ మూసుకుంటుంది, మంట నెమ్మదిస్తుంది. అప్పుడు తలుపు తెరవకండి. గడ్డకట్టే చలిలో పంపు గంటల తరబడి ఆగితే పైపుల్లో నీళ్లు బిగుసుకుంటాయి, కాబట్టి పంపు వరకైనా నడిపే ఇన్వర్టర్ ఉండాలి. యాంటీఫ్రీజ్ కలపాలనుకుంటే హీటింగ్‌కు తయారైన ప్రొపిలీన్ గ్లైకాల్ మాత్రమే. కార్ల రకంలో సాధారణంగా ఎథిలీన్ గ్లైకాల్ ఉంటుంది, అది విషం. ప్లేట్ ఎక్స్ఛేంజర్‌లో చిన్న చిల్లు పడితే స్నానాల, తాగే నీళ్లలోకి వచ్చేస్తుంది.

చలికాలం అయిపోయాక చివరి మంటను గట్టిగా, పూర్తిగా మండనివ్వండి. చల్లారాక పొగగొట్టం బ్రష్‌తో దులిపి, బూడిదంతా తీసి, గోడల్ని రేకు కనపడేదాకా గీకి, పల్చగా నూనె పూయండి. నీళ్లు మాత్రం వదలొద్దు. నిరోధకంతో నిండుగా ఉన్న ట్యాంకు తుప్పు పట్టదు, సగం ఖాళీ అయినది పడుతుంది. నెలకోసారి పంపును పది నిమిషాలు తిప్పితే ఇరుసు పట్టేయదు. వాన లోపలికి దిగకుండా పొగగొట్టానికి మూత వేసి, ఆ సంగతి రాసిన చీటీ ఒకటి తలుపు గొళ్లేనికి కట్టండి. మూత తీయకుండా మొదటి మంట వేస్తే పొగంతా ముఖం మీదికే వస్తుంది.