మిస్డ్ కాల్ ఇచ్చాను, మాత్ర మింగలేదు

మా ఇంట్లో అన్నం తినే చోట గోడకు ఒక పాత ఫ్రేము ఉంటుంది. ఈ ఇంటికి క్రీస్తే యజమాని, ప్రతి భోజనానికీ కనబడని అతిథి, మనం మాట్లాడుకునే ప్రతి మాటా మౌనంగా వింటాడు అని రాసి ఉండే ఫ్రేము, మన క్రైస్తవుల ఇళ్లలో చాలామంది చూసే ఉంటారు. సండే స్కూల్లో టీచర్ "దుప్పటి కప్పుకున్నా దేవుడికి కనిపిస్తావు" అన్నప్పటి నుంచి నాకు దాన్ని చూస్తే భయం. 2019లో టీబీ మాత్రలు మింగింది ఆ ఫ్రేము కిందే. మింగకుండా పారేసింది కూడా అక్కడే.

దగ్గు క్రిస్మస్ ముందు మొదలైంది. రాత్రిళ్లు కేరల్స్‌కి తిరిగాం కదా, మంచుకి గొంతు పట్టేసిందనుకున్నాం. జనవరి అయిపోయినా తగ్గలేదు, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, 53 కిలోలున్న దాన్ని 47కి వచ్చాను. చివరికి అమీర్‌పేటలో మెట్రో ఎక్కి మూడో స్టేషన్లో దిగి ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి వెళ్లాను. ఆఫీసులో మాత్రం ఎర్రగడ్డ పేరు చెప్పలేదు, మన సిటీలో ఆ మాట వినగానే అందరికీ మానసిక ఆసుపత్రే గుర్తొస్తుంది. తెమడ పరీక్షలో టీబీ అని తేలింది, అయితే మందులకు లొంగే రకమే అన్నారు. 6 నెలల కోర్సు, నా బరువుకి రోజుకి 3 మాత్రలు, పరగడుపున.

అమ్మ మొదట అన్న మాట, "ఎవరికీ చెప్పకే." నాకు అప్పుడు సంబంధాలు చూస్తున్నారు.

ఎలాగో తెలిసిపోయిన ఒక ఆంటీ మా ఇంటికి ప్రార్థనకొచ్చి, నా తల మీద చెయ్యిపెట్టి, దాచిన పాపం ఏదైనా ఉంటే ఒప్పుకో తల్లీ, ఆయన అన్నీ చూస్తున్నాడు అంది. ఆమె ప్రేమతోనే అన్నదని నాకు తెలుసు. అయినా ఆ మాట తప్పు, గట్టిగానే చెప్తాను. టీబీ గాలిలో వచ్చే క్రిమి, ఊపిరి పీల్చే ఎవరికైనా రావచ్చు. పుట్టుగుడ్డివాణ్ని చూపించి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే వీడూ కాదు వీడి తల్లిదండ్రులూ కాదు అని యేసే చెప్పాడు, యోహాను 9వ అధ్యాయంలో ఉంది. కానీ ఆ రోజు నాకు అది గుర్తురాలేదు, రాత్రంతా పాత తప్పులు లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను.

మాత్రల పట్టీకి చుట్టూ ఒక అట్ట ఉండేది. మాత్ర నొక్కి బయటికి తీస్తే అట్ట చిరిగి వెనక దాచిన ఫోన్ నంబరు కనిపిస్తుంది, ఏ రోజు ఏ నంబరు వస్తుందో ముందు తెలియదు. దానికి మిస్డ్ కాల్ ఇస్తే ఆ రోజు మందు వేసుకున్నట్టు నమోదవుతుంది. ఇంకో గుర్తు కూడా ఉంది, ఆ మాత్రల్లో ఉండే రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది, చెమటకి, కన్నీళ్లకి కూడా ఆ రంగు రావచ్చు.

నాలుగో నెలలో, మే ఎండల్లో, మల్కాజిగిరిలో పిన్ని వాళ్లింట్లో పెళ్లిచూపులు పెట్టారు. అప్పటికి దగ్గు పోయింది, బరువు పెరుగుతున్నాను, కానీ మాత్ర వేసుకుంటే పొద్దున్నంతా వికారం. వాళ్ల ముందు వాంతి వస్తే? చెమట తుడుచుకున్న కర్చీఫుకి రంగు అంటితే? ఆ టెన్షన్‌తో నాలుగు రోజుల ముందు నుంచి ఆపేశాను. మాత్రలు నొక్కి తీయడం, నంబరుకి మిస్డ్ కాల్ ఇవ్వడం, మాత్రల్ని సింకులో వేసి నీళ్లు వదలడం. పెళ్లిచూపులు అయిపోయాక కూడా మళ్లీ మొదలుపెట్టలేదు, ఎందుకంటే ఒళ్లు హాయిగా ఉంది, నాకు తగ్గిపోయిందనిపించింది. మొత్తం 11 రోజులు. కంప్యూటర్లో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు.

పదకొండో రోజు పొద్దున ఆశా వర్కర్ అక్క వచ్చింది, చాయ్ తాగుతూ "మూత్రం ఎర్రగనే వస్తుందా చెల్లె?" అని అడిగింది. "వస్తుందక్కా" అన్నాను. అప్పటికి వారం పైనుంచి మామూలు రంగులోనే వస్తోంది. ఆ సంగతి తెలిసింది నాకూ, దేవుడికీ.

నా భయమంతా ఆయన చూశాడనే. కానీ ఆ రాత్రి గుర్తొచ్చింది హాగరు. యజమానురాలు పెట్టే బాధ పడలేక గర్భంతో అరణ్యంలోకి పారిపోయిన దాసి, బైబిల్లో దేవుడికి "చూసేవాడు" అని పేరు పెట్టి పిలిచింది ఆమే. ఎన్నోసార్లు చదివాను ఆ అధ్యాయం, ఆ రాత్రి మాత్రం ఒకచోట ఆగిపోయాను. నీటి ఊట దగ్గర ఆమె కనబడ్డప్పుడు దూత మొదట అడిగింది, ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని. పేరు పెట్టి పిలిచినవాడికి ఆ సంగతి తెలియదా? తెలిసీ అడిగాడు. ఆమెను చెప్పనిచ్చాడు. నన్ను కూడా పొద్దున ఒకరు చాయ్ తాగుతూ అడిగారు, నేను అబద్ధం చెప్పాను.

తెల్లారగానే ఫోన్ చేశాను. "అక్కా, 11 రోజులు వేసుకోలేదు" అన్నాను, ఏడుపొచ్చేసింది. తిడుతుందనుకున్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నువ్వు దవాఖానకు రా, సారుకు చెప్దాం" అంది. మందు మధ్యలో ఆపితే క్రిములు మొండికెక్కి అసలు మందులే పనిచేయకుండా పోవచ్చని అక్కడ డాక్టరుగారు కార్డు ముందు పెట్టుకుని విడమరిచి చెప్పారు. మళ్లీ తెమడ తీశారు. రిపోర్టు వచ్చేవరకు నేను పడ్డ బాధ చెప్పలేను. క్రిములు లేవు. మందు ఆపింది నెల లోపే కాబట్టి అదే కోర్సు కొనసాగించి, పోయిన 11 రోజులూ చివర్లో కలిపారు. ఆ సంబంధం కుదరలేదు, దానికి కారణం కట్నం.

ఇంటికొచ్చి అమ్మకి కూడా చెప్పాను. ఆ తర్వాత అమ్మ రోజూ నీళ్ల గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చునేది, నేను మింగేదాకా లేచేది కాదు.

ఆయన చూస్తున్నాడంటే నాకు ఇప్పటికీ వణుకు పుడుతుంది, పుట్టాలి కూడా. 139వ కీర్తనలో నేను కూర్చోవడం లేవడం నీకు తెలుసు అనే మాట ఒక్కోసారి ఊరటగా ఉంటుంది, ఒక్కోసారి ఆ పేజీ తిప్పేయాలనిపిస్తుంది. తిప్పేసిన రోజులూ ఉన్నాయి. అలాంటప్పుడు ఏం దాస్తున్నానో నాకే తెలుస్తుంది.

ఆగస్టు చివర్లో ఆఖరి 3 మాత్రలు మింగాను, ఫ్రేము కిందే, అమ్మ చూస్తుండగా. రెండు మూడు రోజులకి మూత్రం మామూలు రంగుకి వచ్చింది. అక్కకి ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను, తను అడగకముందే.