మైనస్ పదిహేడు

శ్రీకాకుళం, కార్తీకంలో ఆదివారం, రాత్రి పదిన్నర

ఇవాళ షాపు మూత. ఫోను పొద్దున్నే సైలెంట్‌లో పెట్టేశాను. ఆదివారమైనా సరే "టీవీలో బొమ్మ రావట్లేదు, ఓసారి వచ్చి చూడండి" అని ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. ఈ ఒక్కరోజూ బొమ్మ లేకపోతే కొంపలేం మునిగిపోవులే అనుకున్నాను.

చాన్నాళ్ళుగా వాయిదా వేస్తున్న పని ఇవాళ పట్టుకున్నాను. ఎఫ్‌టీ8. మాట బదులు కంప్యూటరు చేత చిట్టి కబుర్లు రేడియోలో పంపే పద్ధతి. హ్యామ్ రేడియోవాళ్ళకి, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి ఇంట్లోంచి రేడియో నడిపే మావాళ్ళకి, ఇది కొత్తేం కాదు, 2017 నుంచీ ఉంది. నాకే కొత్త. లైసెన్సు వచ్చిన దగ్గర్నుంచీ నాది మైకు పట్టుకుని మాట్లాడే రేడియోనే. పొద్దున్నే 40 మీటర్ల బ్యాండులో మనవాళ్ళు నలుగురైదుగురు కలుస్తారు. నేనూ వెళ్తాను. నాకు వచ్చే జవాబు మాత్రం ఏడాది పొడుగునా ఒకటే: "ఉన్నారని తెలుస్తోంది గానీ మాట అందట్లేదండీ, మళ్ళీ చెప్పండి." నాలుగిళ్ళ మధ్య ఇరుక్కున్న డాబా, దానిమీద ఒక ఇనుప పైపు. అంతకంటే ఎత్తుకి వెళ్ళే దారి లేదు.

రిగ్‌ని, అంటే పంపే-వినే రేడియో పెట్టెని, ల్యాప్‌టాప్‌తో కలిపే ఇంటర్‌ఫేస్ కొనలేదు. టీవీ మెకానిక్‌ని అయ్యుండి అది కూడా కొంటే పరువు పోతుంది. అటక మీద పడున్న రెండు పాత డయలప్ మోడెముల్లోంచి ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు పీకాను. ఒకటి రిగ్ నుంచి ల్యాప్‌టాప్‌కి, ఇంకోటి ల్యాప్‌టాప్ నుంచి రిగ్‌కి. పీటీటీ, అంటే రిగ్‌ని వినడం ఆపి పంపమనే మీట, నొక్కడానికి చచ్చిన టీవీ పవర్ సప్లైలోంచి తీసిన పీసీ817 ఆప్టోకప్లర్. చిన్న యూఎస్‌బీ సౌండ్‌కార్డు ఒక్కటే డబ్బు పెట్టి కొన్నది. అన్నిటినీ పలాస జీడిపప్పు వచ్చిన రేకుడబ్బాలో కూర్చాను. మూత తీస్తే ఇంకా నేతిలో వేయించిన వాసన వస్తోంది.

యాంటెనా 20 మీటర్ల బ్యాండుకి కొత్తగా కట్టాను. అటు ఐదు మీటర్ల చిల్లర, ఇటు ఐదు మీటర్ల చిల్లర రాగితీగ. నడుము పైపుకి, ఒక కొస నీళ్ళ ట్యాంకు కాలికి, రెండో కొస పక్కింటి మునగచెట్టుకి. మునగకొమ్మని నమ్మకూడదని చిన్నపిల్లాడికీ తెలుసు. ఆ పక్క ఇంకేమీ లేదు, నమ్మాను. పాత యాంటెనా జాయింటు విప్పితే పచ్చటి పొడి రాలింది. సముద్రం మా ఊళ్ళోకి రాదు గానీ దాని ఉప్పు వస్తుంది.

రాత్రి పడుకునే ముందు ఈ మోడ్ గురించి చదివింది ఇంకా బుర్రలో తిరుగుతోంది. ఎఫ్ అంటే ఫ్రాంకీ, టీ అంటే టేలర్, 8 అంటే ఎనిమిది స్వరాలు. ఆ జో టేలర్, 1993లో రస్సెల్ హల్స్‌తో కలిసి ఫిజిక్స్‌లో నోబెల్ తీసుకున్నాయనే. జంట పల్సార్‌ని కనిపెట్టినందుకు. నక్షత్రాల పీలగొంతుని రొదలోంచి ఏరి పట్టుకున్న మనిషి, మనలాంటి డాబా పైపుల వాళ్ళ కోసం కూర్చుని ప్రోగ్రాము రాసి ఊరికే ఇచ్చాడు.

ఒక్కో విడతలో పంపే కబురు 77 బిట్లు. దానికి తనిఖీ కోసం 14. ఆపైన ఇంకో 83, కేవలం తప్పులు దిద్దుకోడానికి. మొత్తం 174. సరుకు కంటే కాపలా ఎక్కువ! అది చదవగానే మా తాతయ్య గుర్తొచ్చాడు. పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడేవాడు. పాదం మధ్యలో మాట జారిపోతే కంగారు పడేవాడు కాదు. "ప్రాస ఉంది కదరా, అదే సెప్తాది" అనేవాడు. రెండో అక్షరం నాలుగు పాదాలకీ ముడి వేసి ఉంటుంది, యతి ఇంకోచోట ముడి వేసి ఉంటుంది, గణాలు లెక్క తప్పకూడదు. ఇన్ని ముళ్ళ మధ్య ఊడిన మాట ఎక్కడికి పోతుంది? ఆ 83 బిట్లూ టేలర్‌గారి యతిప్రాసలు. అందుకే మాట ఒక వంతు, రొద వంద వంతులు ఉన్నా అవతలివాడు పద్యం మొత్తం అప్పజెప్పేస్తాడు. ఆ వందవంతుల రొదనే వీళ్ళు మైనస్ ఇరవై డెసిబెల్ అంటారు.

చదవడం వరకూ బాగానే ఉంది. పొద్దున్న పదింటికి రిగ్‌ని 14.074 మెగాహెర్ట్జ్ మీద పెట్టాను. వాటర్‌ఫాల్, అంటే వచ్చే సిగ్నళ్ళని గీతలుగా చూపే తెర, దాన్నిండా గీతలే. స్పీకరులో, చెరువుగట్టు కప్పలకి ఎవరో సరిగమలు నేర్పుతున్నట్టు గోల. విప్పిన కబుర్లు పడాల్సిన, ప్రోగ్రాములోని ఎడమ కిటికీలో మాత్రం ఒక్క లైను పడదు. గంట గడిచింది. ఆడియో పెంచాను, తగ్గించాను. ట్రాన్స్‌ఫార్మరు తిప్పి పెట్టాను. బాగున్న సోల్డరింగుని కరిగించి మళ్ళీ వేశాను. చేతికి పని తోచనప్పుడు మెకానిక్కులందరం చేసేదే అది.

చివరికి విజయనగరం మాస్టారికి ఫోను చేశాను. ఆయన మోర్స్ మనిషి. ఎఫ్‌టీ8 పేరెత్తితే గిట్టదు. "రెండు కంప్యూటర్లు రామ్‌రామ్ చెప్పుకుంటాయి, మధ్యలో నువ్వెందుకోయ్?" అంటారు. అయినా అంతా విన్నారు.

"నీ ల్యాప్‌టాపులో టైమెంతోయ్?"

"పదకొండు పది, మాస్టారూ."

"సెకన్లు చెప్పు."

చెప్పాను. అటు కాసేపు నిశ్శబ్దం. "ఐదు సెకన్లు వెనకున్నావు. పెట్టెయ్" అన్నారు, పెట్టేశారు.

ఎఫ్‌టీ8 ప్రపంచమంతా ప్రతి నిమిషంలోనూ సున్నా, పదిహేను, ముప్ఫై, నలభై అయిదో సెకను దగ్గర గొంతు విప్పుతుంది. 12.64 సెకన్లు పాడుతుంది. మిగతా రెండు సెకన్లలో విన్నది విప్పుకుంటుంది. రెండున్నర సెకన్ల తేడా దాటిందంటే ఇంక మనకేమీ దొరకదు. నేను ఐదు సెకన్ల వెనక నిలబడి, బస్సు వెళ్ళిపోయిన కాంప్లెక్సులో టికెట్టు కోసం వెతుక్కుంటున్నాను. ల్యాప్‌టాపులో బిళ్ళ బ్యాటరీ చచ్చిపోయి ఎన్నాళ్ళయిందో. షాపులో ఆ బ్యాటరీలు డబ్బాడు ఉన్నాయి. సిగ్గేసింది.

నెట్‌లోంచి టైము సరిచేయగానే మరుసటి విడతకే పదకొండు లైన్లు పడ్డాయి. కాల్‌సైను, అంటే లైసెన్సుతో వచ్చే పేరు, దాని మొదటి అక్షరాలే దేశం చెప్తాయి: వైబీ ఇండోనేషియా, జేఏ జపాన్, హెచ్‌ఎస్ థాయ్‌లాండ్, వీకే ఆస్ట్రేలియా. కాఫీ చల్లారిపోయింది. తాగలేదు.

సీక్యూ, అంటే "ఎవరైనా ఉన్నారా" అనే పిలుపు, నొక్కాను. రిలే టక్కుమంది, ల్యాప్‌టాపు టుడుంగుమంది, యూఎస్‌బీ ఊడిపోయింది. మన ఆర్‌ఎఫ్, అంటే మనం పంపే రేడియో తరంగం, మన తీగల్లోంచే తిరిగొచ్చి మనల్నే కొట్టడం. పాత మానిటరు కేబుళ్ళ మీద ఉండే నల్లటి ఫెరైట్ బుడిపెలు నాలుగు తెచ్చి తగిలించాక కుదుటపడింది. వంద వాట్ల రిగ్‌ని ఇరవై దగ్గర ఆపాను. మాటల్లో అయితే మధ్యమధ్య ఊపిరి ఉంటుంది. ఇది పన్నెండున్నర సెకన్లు గుక్క తిప్పుకోని ఆలాపన, రిగ్ వీపు కాలిపోతుంది.

పదిహేనుసార్లు పిలిచాను. ఎవరూ పలకలేదు. ఎవరి సిగ్నల్ ఎక్కడ వినబడిందో నెట్‌లో చూపే పీఎస్‌కే రిపోర్టర్ మ్యాపు తెరిచి చూస్తే మాత్రం జపాన్‌లో రెండు చుక్కలు, థాయ్‌లాండ్‌లో ఒకటి, ఆస్ట్రేలియా పడమటి ఒడ్డున ఒకటి. విన్నారు. విని ఊరుకున్నారు. మైకు రోజుల్లో ఈ సంగతి తెలిసేది కాదు. పలకకపోతే వినలేదనే అనుకునేవాణ్ణి.

మధ్యాహ్నం భోంచేసి గుమ్మంలో నిలబడ్డాను. మా వీధి అరసవల్లి రోడ్డుకి ఆనుకునే ఉంటుంది. ఆదివారం, అందులోనూ కార్తీకం, ఆటోలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని గుడికి పోతున్నాయి. మార్చిలోనూ అక్టోబరులోనూ పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడే రోజుల్లో అయితే ఈ రోడ్డు దాటలేం. వాళ్ళు పాదాలు చూడ్డానికి వెళ్తారు, నేను ఆయన ఒంటిమీద మచ్చలు చూస్తాను. మచ్చలెక్కువుంటే, మన తరంగాల్ని తిరిగి నేలకి పంపే పైగాలి పొర, ఐనోస్ఫియర్, గట్టిపడుతుంది, 20, 15, 10 మీటర్ల బ్యాండులు తలుపులు తీస్తాయి. తగ్గితే మూసుకుంటాయి. పదకొండేళ్ళకోసారి ఈ తిరుగుడు. ఒకసారి అమ్మతో అంటే "దేవుడికి మచ్చలేట్రా, లెంపలేసుకో" అంది. వేసుకున్నాను.

నాలుగూ ముప్పావుకి కరెంటు పోయింది. వీధి మొత్తం ఉసూరుమంది. నేను కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాను. హ్యామ్ ఇంట్లో కరెంటు పోతే పండగే. ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, సెట్‌టాప్ బాక్సుల అడాప్టర్లు, వీధి వీధంతా రోజల్లా బుసకొడుతూ ఉంటాయి. అందులో సగం నేను బాగుచేసి ఇచ్చినవే, ఎవర్ని తిట్టుకోను? అందేదాని బలం చూపే ఎస్-మీటరు ముల్లు ఏడు దగ్గర్నుంచి రెండుకి పడిపోయింది. వాటర్‌ఫాల్‌లో బూడిదరంగు పోయి నల్లగా మెరిసింది, దానిమీద గీతలు ముగ్గు వేసినట్టు తేలాయి. రిగ్‌ని బ్యాటరీ మీదకి మార్చాను. రూటర్ ఆగిపోయింది కాబట్టి ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, సిగ్నల్ బాగా అందే వంటింటి కిటికీలో బోర్లించి వచ్చాను.

మూడో సీక్యూకి ఎర్రటి లైను పడింది. నా కాల్‌సైను, పక్కన జేఏ1తో మొదలయ్యే ఇంకో కాల్‌సైను, పీఎం95. ప్రపంచపటాన్ని గళ్ళుగా విడగొట్టి పెట్టుకున్న పేర్లలో టోక్యో ఉన్న గడి అది. మా ఊరు ఎన్‌కే18. మధ్యలో 5,800 కిలోమీటర్లు ఉంటుంది. ప్రోగ్రాము తనంతట తనే జవాబు పంపింది: నీ సిగ్నల్ మైనస్ తొమ్మిది. ఆయన: అందింది, నీది మైనస్ పదిహేడు. నేను: అందింది, సెవెంటీ త్రీ, అంటే మా భాషలో శుభాకాంక్షలు. ఆయన: సెవెంటీ త్రీ. నా సీక్యూతో కలిపి ఆరు విడతలు, తొంభై సెకన్లు. లాగ్‌బుక్కులో యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైము, 11:28 అని రాసుకున్నాను; మనకి ఐదుకి రెండు నిమిషాలు తక్కువ. చేతులు వణికాయి. నేను చేసిందల్లా చూడ్డమే, అయినా వణికాయి.

నా కేక విని అమ్మ వసారాలోంచి వచ్చింది, చేతిలో కార్తీకదీపం వత్తులతో.

"ఏటయిందిరా బావూ?"

"జపాన్ దొరికిందమ్మా."

"ఏటన్నాడు?"

"మైనస్ పదిహేడు అన్నాడు."

"నువ్వేటన్నావు?"

"మైనస్ తొమ్మిదన్నాను."

కాసేపు చూసింది. "ఆడి గొంతు ఇనబడదేటి?"

"గొంతుండదమ్మా ఇందులో."

"ఊరూ పేరూ అడగవా? తిన్నాడో లేదో అడగవా? మరేటి మాటాడినట్టురా?"

మాస్టారు అడిగిందీ అదే, కాకపోతే ఈవిడ మోర్స్ నేర్చుకోలేదు. నిజానికి ఇందులో పదమూడు అక్షరాల దాకా సొంతమాట పంపొచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో "తిన్నావా" ఏడే. పంపితే టోక్యో ఆయన ఏమనుకుంటాడో!

అమ్మ వత్తులు చేసుకుంటూ అక్కడే కూర్చుంది. నాకు మాత్రం తిత్లీ తుఫాను గుర్తొచ్చింది. 2018 అక్టోబరు 11, తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. అక్కావాళ్ళది సోంపేట పక్క, ఉద్దానం. స్తంభాలు పడ్డాయి, టవర్లు మూగబోయాయి, కొబ్బరితోటలు పడుకున్నాయి. అక్క ఫోను మోగలేదు. నాలుగో రోజు బావ ఎవరి బండి మీదో వచ్చి గుమ్మంలో నిలబడేదాకా మాకేం తెలీదు. ఆ నాలుగు రోజులూ అమ్మ ఇదే వసారాలో కూర్చుని ఒకటే మాట: "ఉన్నారని ఒక్క ముక్క తెలిస్తే సాలు." గొంతు కావాలనలేదు, తిన్నారా అనడగలేదు. ఆ ఒక్క ముక్కకి 77 బిట్లు కూడా అక్కర్లేదు. తర్వాత ఆర్నెల్లకే నేను లైసెన్సు పరీక్షకి పుస్తకాలు తెచ్చుకున్నాను.

ఇది అమ్మతో అనలేదు. ఈసారి జేఎస్8కాల్ అనే ప్రోగ్రాము పెట్టి చూడాలి. ఎఫ్‌టీ8 పునాది మీదే కట్టారు దాన్ని. వాక్యాలకి వాక్యాలు కొట్టొచ్చు, మనిషి దగ్గర లేకపోతే కబురు అక్కడ దాచి రావొచ్చు, దూరమైతే మధ్య స్టేషను చేత అందించొచ్చు. ముందు మేనల్లుణ్ణి పరీక్షకి కూర్చోబెట్టాలి. అవతల రేడియో లేకపోతే దాచుకునేదెక్కడ?

ఏడున్నర దాటాక కరెంటు వచ్చింది, బుసలు మళ్ళీ మొదలు. అప్పుడు గుర్తొచ్చి ఫోను తెచ్చుకున్నాను. మూడు మిస్డ్ కాల్స్. మూడూ అక్కవే.

"ఏట్రా, ఎత్తవేటి? మూడుసార్లు సేసినాను."

"జపాన్‌తో మాట్లాడుతున్నానక్కా. ఫోన్ చూసుకోలేదు."

"జపానోడు ఎత్తినాడేటి?"

"ఎత్తాడు."

"ఆడు ఎత్తినాడు, నువ్వెత్తవు." నవ్వుతోంది. "గాలోన తరవాత ఏసిన మొక్కలు ఈయేడు కాసినాయిరా. తొలికాపు. డజను కాయలు బస్సులో ఏయించినాను. కాంప్లెక్సుకెళ్ళి తెచ్చుకో. బస్సొచ్చేసే ఉంటాది."

వెళ్ళేసరికి బస్సు వెళ్ళిపోయింది. కండక్టరు సంచీని టీ కొట్టులో ఇచ్చి పోయాడట. టీ తాగి, సంచీ స్కూటరు ముందు పెట్టుకుని వచ్చాను. చిన్న కాయలే, బరువుగా ఉన్నాయి. అమ్మ ఒకటి తీసి దీపం దగ్గర పెట్టింది.

అక్కకి ఫోను చేశాను.

"అందాయక్కా."

"సరే" అని పెట్టేసింది.